సెప్టెంబరు 30 కాగితం మనకూ కావాలి



ఈసారి మన మాట గుడ్ల గురించి కాదు, గూళ్ళ ధర గురించి కాదు. ఒక కాగితం గురించి.

కాలుష్య నియంత్రణ మండలి అనుమతి మీద నడిచే ప్రతి ఫ్యాక్టరీ ఏటా సెప్టెంబరు 30 లోపల ఒక కాగితం నింపి మండలికి పంపాలి. దాన్ని ఫారం-5 అంటారు. మార్చి 31తో ముగిసిన ఏడాదిలో నీళ్ళు ఎన్ని వాడారు, ముడిసరుకు ఎంత వాడారు, గాలిలోకీ నీళ్ళలోకీ ఏ కాలుష్యం రోజుకి ఎంత వదిలారు, హద్దు దాటితే ఎందుకు దాటింది, ప్రమాదకరమైన వ్యర్థం ఎంత మిగిలింది, అదంతా అందులో రాయాలి. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నిబంధనల్లో 14వ నిబంధన ఇది. 1990ల మొదట్లో చేర్చారు. అంటే ముప్పై ఏళ్ళకు పైగా ఈ కాగితం రాస్తూనే ఉన్నారు, పంపుతూనే ఉన్నారు, ఎక్కడో ఒక బీరువాలో పడుతూనే ఉంది.

మనలో ఎవరైనా దాన్ని చూశారా? మేమైతే మొన్నమొన్నటి దాకా పేరు కూడా వినలేదు.

మన ఊళ్ళలో ఒక పద్ధతి ఉంది గదా. పక్క చేను వాళ్ళు పత్తికో మిరపకో మందు కొట్టాలంటే ముందు రోజు సాయంత్రమే చెప్తారు: "అన్నా, రేపు పొద్దున కొడుతున్నాం, ఈ వైపు ఆకు ఈ రోజే కోసేసుకో" అని. ఏం మందు అని అడుగుతాం. డబ్బా తెచ్చి చూపిస్తారు. ఆ పేరును బట్టి గట్టు పక్క సాళ్ళలో ఆకు పది రోజులు ముట్టకూడదా, పదిహేను రోజులా అని లెక్క వేసుకుంటాం. గాలి ఏ వైపుకి ఉందో చూసుకుంటాం. దీనికి ఎవరూ చట్టం చేయలేదు. చెప్పకుండా కొట్టినవాళ్ళతో ఏడాది పాటు మాటల్లేకుండా పోయిన ఇళ్ళు కూడా మనకు తెలుసు. భుజాన పంపు వేసుకున్న రైతు దగ్గర ఇంత లెక్క అడిగే మనం, ఆకాశంలోకి పొగగొట్టం నిలబెట్టినవాళ్ళ దగ్గర మాత్రం ఏమీ అడగం. వాళ్ళు గట్టు మీదికి వచ్చి డబ్బా చూపించరు కాబట్టి, ఏం కొడుతున్నారో మనకు తెలియదు.

పట్టుపురుగు వేల ఏళ్ళుగా మనిషి చేతి మీద బతికిన ప్రాణి. ఆకు బాగాలేదని ఇంకో చెట్టుకి పోలేదు, పొగ వచ్చిందని పారిపోలేదు. మనం వేసిందే తింటుంది, మనం పెట్టిన చోటే ఉంటుంది. మనకు కళ్ళు మండక ముందే దానికి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈ విషయం అందరికంటే ముందు మనం అడగాల్సినది అంటున్నాం. వడ్ల రైతుకి రేపటి విషయం కావచ్చు, మనకి ఇది ఇరవై అయిదు రోజుల పంట విషయం.

ఉదాహరణకి ఫ్లోరైడ్‌నే తీసుకోండి. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ అంటే మన జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. గాలిలో వచ్చే ఫ్లోరైడ్ సంగతి వేరు. ఇటుకల మట్టిలో సహజంగానే కొంచెం ఫ్లోరైడ్ ఉంటుంది. బట్టీలో ఇటుక ఎర్రగా కాలేటప్పుడు అది హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే వాయువై పొగతో పాటు బయటికి వస్తుంది. బొగ్గులోనూ కొంత ఉంటుంది. మల్బరీ ఆకు ఆ వాయువుని పీల్చుకుని తనలో దాచుకుంటుంది. తమాషా ఏమంటే ఆకుకి ఏమీ కాదు. పచ్చగా, నిగనిగలాడుతూనే ఉంటుంది. కోసేటప్పుడు ఎంత అనుభవం ఉన్నవాళ్ళైనా కనిపెట్టలేరు. కింది ఆకులు ఎక్కువ రోజులు పొగలో ఉంటాయి కాబట్టి వాటిలో ఎక్కువ చేరుతుంది. ఎండబెట్టిన ఆకు కిలోకి 30 మిల్లీగ్రాములు దాటితే పురుగుకి మంచిది కాదని చైనా వాళ్ళు హద్దు పెట్టుకున్నారు. 30 మిల్లీగ్రాములంటే చిటికెడు ఉప్పులో పదో వంతు ఉంటుందేమో.

ఆ ఆకు తిన్న పురుగు తిండి తగ్గిస్తుంది. ఒకే రోజు వేసిన పురుగుల్లో కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి అవుతాయి. జ్వరం నుంచి లేవడం ఆలస్యమవుతుంది. ఎక్కువైతే కణుపుల దగ్గర గోధుమరంగు, నల్లటి మచ్చలు పడతాయి. బతికి గూడు కట్టినా పల్చగా కడుతుంది.

ఈ లక్షణాలు చదివితే మీకు ఏం గుర్తొస్తుంది? మన షెడ్డుల్లో ఇలా జరిగిన ప్రతిసారీ మనం అనుకునే మాటలు గుర్తొస్తాయి. గుడ్లు మంచివి కాదు. చాకీ సెంటర్ వాళ్ళు సరిగా చూడలేదు. నువ్వు ముదురు ఆకు వేశావు. వాళ్ళ షెడ్డు నుంచి పాలరోగం మన షెడ్డుకి వచ్చింది. పక్క చేను వాడు చెప్పకుండా మందు కొట్టాడు. ఇట్లా మాట మాట పెరిగి, చాకీ వాళ్ళ డబ్బు ఆపేసినవాళ్ళు ఉన్నారు, అన్నదమ్ములు షెడ్డు మధ్యలో గోడ కట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ తగాదాల్లో సగం తప్పో ఒప్పో ఎవరికీ తెలియదు. తెలియడానికి చేతిలో కాగితం లేదు. కంటికి కనపడేది పక్కవాడే కాబట్టి నింద వాడి మీదే పడుతుంది.

ఒక మాట స్పష్టంగా చెప్తున్నాం. పంట పోయిన ప్రతిసారీ పొగే కారణం అని మేము అనడం లేదు. చాలాసార్లు కారణం షెడ్డులోనే ఉంటుంది. క్రిమిసంహారం సరిగా చేయకపోవడం, గాలి ఆడకపోవడం, ఎండాకాలం తేమ లేకపోవడం, ఇవి ముందు చూసుకోవాల్సిందే. కానీ వీటన్నిటినీ కొట్టేసిన తర్వాత కూడా జవాబు దొరకని పంటలు ఉంటాయి. వాటి విషయంలో గాలిలో ఏముందో చూద్దామంటే, చూడడానికి లెక్క కావాలి గదా.

చైనాలో పట్టుకి పేరున్న ఝెజియాంగ్ రాష్ట్రంలో సరిగ్గా ఇదే జరిగింది. 1980లలో అక్కడ పల్లెల్లో ఇటుక బట్టీలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. వసంతకాలపు పంటలు పెద్ద ఎత్తున దెబ్బతిన్నాయి. వాళ్ళు ఆకులు తెచ్చి కొలిచారు, ఏ బట్టీకి ఎంత దూరంలో ఎంత ఉందో చూశారు, కారణం తేల్చారు. తర్వాత పురుగులు మేసే రోజుల్లో బట్టీలు ఆపేయాలని అక్కడ అధికారులు ఆదేశాలు ఇస్తూ వచ్చారు. బట్టీ మూసేయమనలేదు చూడండి. పురుగు మేసే ఆ కొద్ది వారాలు నిప్పు ఆపమన్నారు. ఎంత వదులుతున్నారో, ఎప్పుడు వదులుతున్నారో తెలిసింది కాబట్టే ఇంత చిన్న పరిష్కారం దొరికింది. తెలియకపోయి ఉంటే బట్టీ అయినా పోవాలి, పట్టు అయినా పోవాలి.

మన దగ్గర ఏం కొలుస్తున్నారు? దేశం మొత్తానికి 2009 నవంబరులో గాలి నాణ్యతకి కొత్త ప్రమాణాలు పెట్టారు. అందులో పన్నెండు పదార్థాలు ఉన్నాయి: ధూళి రెండు రకాలు, గంధకపు వాయువు, నైట్రోజన్ వాయువు, సీసం, అమ్మోనియా, ఇట్లా. ఫ్లోరైడ్ లేదు. బొగ్గుతో కరెంటు తీసే కేంద్రాలకి 2015 డిసెంబరులో పొగ హద్దులు పెట్టారు. ధూళి, గంధకం, నైట్రోజన్, పాదరసం ఉన్నాయి. ఫ్లోరైడ్ లేదు. ఇటుక బట్టీలకి 2022 ఫిబ్రవరిలో కొత్త నిబంధనలు వచ్చాయి. పొగలో ధూళి ఎంత ఉండాలో చెప్పారు, గొట్టం ఎత్తు చెప్పారు. ఫ్లోరైడ్ మాట అందులోనూ లేదు. మనిషి ఊపిరితిత్తుల్ని చూసి ప్రమాణాలు రాశారు, తప్పేం లేదు. పట్టుపురుగు ఆ గదిలో లేదు, అంతే.

ఆ 2022 నిబంధనల్లో ఇంకో మాట ఉంది. బట్టీ పెట్టాలంటే ఇళ్ళకీ పండ్ల తోటలకీ కనీసం 0.8 కిలోమీటర్ల దూరంలో ఉండాలి. పండ్ల తోటలకి! మామిడి తోట ఉంటే 800 మీటర్లు జరగాలి. మల్బరీ తోట ఉంటే జరగక్కర్లేదు. (మల్బరీకీ పండ్లు కాస్తాయి, మన పిల్లలు మూతంతా నల్లగా చేసుకుని తింటారు, కాబట్టి ఇది కూడా పండ్ల తోటే అని ఎవరైనా లాయరు వాదిస్తే వెనకాల నిలబడడానికి మేము సిద్ధం.) నవ్వులకేం గానీ, అదే నిబంధనలో రాష్ట్ర మండలి స్థానిక పరిస్థితిని చూసి హద్దులు ఇంకా గట్టిగా పెట్టొచ్చని ఉంది. అంటే మన రాష్ట్రంలోనే, దిల్లీ దాకా పోకుండా, మల్బరీని కలపమని అడగొచ్చు. పట్టులో దేశానికే పెద్ద రాష్ట్రం కర్ణాటక. ఇక్కడ అడగకపోతే ఎక్కడ అడుగుతారు?

మన జిల్లా సంగతి చూద్దాం. కృష్ణ ఒడ్డున శక్తినగర్‌లో థర్మల్ కేంద్రం ఉంది, 1980ల నుంచి నడుస్తోంది, ఎనిమిది యూనిట్లు, 1720 మెగావాట్లు. ఎరమరస్‌లో 800 మెగావాట్ల యూనిట్లు రెండు. లింగసుగూరు వైపు హట్టిలో బంగారం గని, అక్కడ రాయి నుంచి బంగారం తీయడానికి సైనైడ్ వాడతారు. రాయచూరు చుట్టూ పారిశ్రామిక వాడలు, మందుల ఫ్యాక్టరీలు, రైసు మిల్లులు. వీటిలో ఫలానా దాని వల్ల మనకి నష్టం వచ్చిందని మేము చెప్పడం లేదు. మల్లట్‌కి కొన్ని చాలా దూరం కూడా. మేము చెప్పేది, దగ్గరో దూరమో, ఎవరు ఏం వదులుతున్నారో ఊరి జనం చదువుకునేటట్టు ఊళ్ళోకి రావాలని. బూడిద విషయంలో చూడండి, థర్మల్ కేంద్రాల్లో ఎంత బూడిద వచ్చింది, ఎంత వాడారు అనేది లెక్క కట్టి ప్రకటించాలని నిబంధన పెట్టారు, ఆ లెక్కలు వస్తున్నాయి. ఇటుకల వాళ్ళకీ సిమెంటు వాళ్ళకీ ఆ బూడిదతో పని ఉంది కాబట్టి వస్తున్నాయి అని కూడా అనుకోవచ్చు. లెక్క కట్టడం చేతకాదనేది మాత్రం నిజం కాదు.

మనలో చాలామంది తాతలు తుంగభద్ర ఎడమ కాలువ వచ్చాక కోస్తా నుంచి వచ్చినవాళ్ళు. చుట్టాలు ఇప్పటికీ అటు వైపే ఉన్నారు. అందుకే విశాఖపట్నం సంగతి మనకి పేపరులో చదివిన వార్తలాగా కాదు, ఫోను చేసి "మీరు బాగున్నారా" అని అడిగిన సంగతి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చింది. లాక్‌డౌన్ రోజులు. నిద్రలో ఉన్న జనం లేచి, ఏమిటో తెలియక, ఎటు పరిగెత్తాలో తెలియక రోడ్ల మీద పడిపోయారు. పన్నెండు మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్లు కట్టమంది. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నత స్థాయి కమిటీ తన రిపోర్టులో, సైరన్ ఉండి కూడా మోగించలేదని రాసింది. ఆ ఫ్యాక్టరీ 1960లలో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో మొదలైంది. గోడ పక్కనే తరాలుగా బతికారు. లోపల ట్యాంకులో ఉన్నదాని పేరు ఆ రోజు పొద్దున టీవీలో విన్నారు.

విచిత్రం ఏమంటే, చెప్పాలని అప్పటికే చట్టం ఉంది. ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనలు 1989లోనే వచ్చాయి. ప్రమాదం జరిగితే దెబ్బతినే అవకాశం ఉన్న జనానికి ఆ ప్రమాదం ఎలాంటిదో, అప్పుడు ఏం చేయాలో, ఏం చేయకూడదో ముందే తెలియజేయాలని అందులో రాసి ఉంది.

విశాఖ లాంటిది జరిగితే దేశమంతా చూస్తుంది. మనలాంటివాళ్ళకి ఎక్కువ పని ఉండేది మాత్రం రెండో రకంతో. ఏ సైరనూ అక్కర్లేకుండా, ఏ ట్యాంకూ పగలకుండా, రోజూ కొంచెం కొంచెం బయటికి వచ్చేదానితో. పటాన్‌చెరులో నక్కవాగు సంగతి తెలిసినవాళ్ళు ఉంటారు. అక్కడ ఒక్క రాత్రి జరిగింది ఏమీ లేదు. ఫ్యాక్టరీల నీళ్ళు వాగులోకి వస్తూ ఉన్నాయి, బావులు రంగు మారాయి, పొలాలు పోయాయి. 1990లో సుప్రీంకోర్టుకి కేసు వెళ్ళింది. హైకోర్టు, ట్రిబ్యునల్ తిరిగి ఇరవై ఏళ్ళకు పైగా నడిచింది. ఏ ఫ్యాక్టరీ ఏ ఏడాది ఏం వదిలిందో ఊళ్ళ దగ్గర మొదటి నుంచీ లెక్క ఉండి ఉంటే అంత కాలం పట్టేదా? రైతు చేతిలో ఉన్నది చచ్చిన పైరు ఒక్కటే. అవతలి వాళ్ళ చేతిలో ఫైళ్ళు.

ఇక అమెరికా సంగతి చెప్పాలి. అక్కడంతా గొప్ప అని కాదు, ఆ కథ మన దేశం నుంచే మొదలైంది కాబట్టి. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ గ్యాసు వచ్చింది, వేల మంది పోయారు. ఎనిమిది నెలలకి, 1985 ఆగస్టులో, అదే కంపెనీకి అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో ఉన్న ఫ్యాక్టరీ నుంచి ఇంకో రసాయనం లీకై నూరు మందికి పైగా ఆసుపత్రికి పోయారు. అక్కడి జనం అడిగారు: మా ఊరి ఫ్యాక్టరీలో ఏముందో మాకెందుకు చెప్పరు? 1986లో చట్టం వచ్చింది. ఏటా జులై 1 లోపల ప్రతి పెద్ద ఫ్యాక్టరీ ఏ రసాయనం పేరు ఏమిటి, గాలిలోకి ఎంత, నీళ్ళలోకి ఎంత, నేలలోకి ఎంత అని రాసివ్వాలి, ప్రభుత్వం దాన్ని అందరూ చూసేటట్టు పెట్టాలి. మొదటి లెక్కలు 1987 ఏడాదివి, 1989లో బయటికి వచ్చాయి. ఇప్పుడు ఆ పట్టికలో సుమారు ఎనిమిది వందల రసాయనాలు ఉన్నాయి, హైడ్రోజన్ ఫ్లోరైడ్ కూడా ఉంది. బొగ్గు కరెంటు కేంద్రాలను 1998 లెక్కల నుంచి కలిపారు. జపాన్ కూడా 1999లో ఇలాంటి చట్టం చేసుకుంది.

భోపాల్ తర్వాత మనమూ 1986లోనే పర్యావరణ పరిరక్షణ చట్టం చేసుకున్నాం. చచ్చింది మనవాళ్ళు. కానీ ఊరి వాళ్ళకి ఏటా లెక్క చెప్పే పద్ధతి అక్కడ వచ్చింది, ఇక్కడ బీరువా వచ్చింది.

ఆ లెక్కలు బయట పెడితే ఏమవుతుంది అంటారా? మోన్‌శాంటో పేరు పత్తి వేసిన ఇళ్ళలో అందరికీ తెలుసు, బీటీ విత్తనం వాళ్ళే. మొదటి లెక్కలు జనానికి చేరబోతున్నాయనగా, 1988లో ఆ కంపెనీ పెద్ద రిచర్డ్ మహోనీ, 1992 కల్లా గాలిలోకి వదిలే విషాలను 90 శాతం తగ్గిస్తామని బహిరంగంగా ప్రకటించాడు. అప్పటికి ఎంత వదలాలనే హద్దును ఎవరూ మార్చలేదు. వదిలినంత చెప్పాలి అన్నారు, అంతే. నలుగురూ చూస్తారంటే ఇల్లు ఊడ్చుకోవడం మనకీ అలవాటే గదా. అయితే ఆ పద్ధతిలో లోపాలు లేవని కాదు. లెక్క కట్టేది కంపెనీ వాళ్ళే, చాలాసార్లు కొలవకుండా అంచనా వేస్తారు. కొంత తగ్గింపు కాగితం మీదే జరిగిందనే విమర్శ అక్కడా ఉంది. ఏడాదికి 25 వేల పౌండ్ల కంటే తక్కువ తయారు చేసే చిన్న ఫ్యాక్టరీ చాలా రసాయనాల విషయంలో చెప్పనే అక్కర్లేదు. మన బట్టీల లాంటి చిన్నవి పది కలిస్తే ఎంతవుతుందో ఆ పద్ధతిలో కనపడదు. కాబట్టి మక్కీకి మక్కీ దించుకోమని మేము అనం.

మనవాళ్ళలోనే ఇద్దరు ముగ్గురు ఒక మాట అన్నారు: "ఇట్లా గోల చేస్తే ఫ్యాక్టరీలు పోతాయి, మన పిల్లలు అందులోనే పని చేస్తున్నారు." నిజమే, చేస్తున్నారు. పొగకి అందరికంటే దగ్గర ఉండేది వాళ్ళే. ఏం పీలుస్తున్నారో ఇంట్లో అమ్మానాన్నలకి తెలిస్తే తప్పేముంది? ఇంకొకరు అన్నారు, రైతులకి ఆ పేర్లు అర్థం కావు అని. ఇది మాత్రం మేము ఒప్పుకోం. షెడ్డులో వేడి ఎంత, తేమ ఎంత అని పూటకి రెండుసార్లు చూసి రాసుకునేవాళ్ళం. నూరు గుడ్లకి ఎన్ని కిలోల గూళ్ళు వచ్చాయో, కిలో పట్టుకి ఎన్ని కిలోల గూళ్ళు పోతాయో నోటి లెక్కగా చెప్పేవాళ్ళం. రామనగర మార్కెట్‌లో ఈ రోజు బైవోల్టిన్ ఎక్కువ ధర ఎంత, తక్కువ ధర ఎంత అన్నది సాయంత్రానికి మన ఫోన్లలో ఉంటుంది. నాలుగు వందల కిలోమీటర్లకి పైన ఉన్న మార్కెట్ లెక్క ఊరికి చేరగలిగితే, పక్కనున్న పొగగొట్టం లెక్క చేరదా?

ఇప్పటికిప్పుడు మన చేతిలో ఏమున్నాయో చెప్తాం. కొత్త చట్టం వచ్చేదాకా కూర్చోనక్కర్లేదు. నీటి చట్టం 1974ది, గాలి చట్టం 1981ది. రెండింటిలోనూ, మండలి ఇచ్చిన అనుమతుల వివరాలు ఒక రిజిస్టరులో రాసి ఉంచాలని, దానితో సంబంధం ఉన్నవాళ్ళు, దాని వల్ల దెబ్బతినేవాళ్ళు పని వేళల్లో వచ్చి చూసుకోవచ్చని ఉంది. మండలి ప్రాంతీయ ఆఫీసు రాయచూరులోనే ఉంది. పెద్ద ప్రాజెక్టులకి పర్యావరణ అనుమతి ఇచ్చినప్పుడు షరతులు పెడతారు. వాటిని పాటిస్తున్నారా లేదా అనే రిపోర్టు ఏడాదికి రెండుసార్లు, జూన్ 1కి, డిసెంబరు 1కి ఇవ్వాలి. 2006 నోటిఫికేషన్ ప్రకారం ఆ రిపోర్టులు బహిరంగ పత్రాలు, అడిగినవాళ్ళకి ఇవ్వాలి. "వ్యాపార రహస్యం" అనే మాట అక్కడ చెల్లదు.

సెప్టెంబరు 30 కాగితానికి మాత్రం సమాచార హక్కు కింద అడగాలి. పది రూపాయలు ఫీజు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి, రాకపోతే పై అధికారికి అప్పీలు చేయాలి. కర్ణాటకలో ఒక చిక్కు ఉంది, అర్జీ 150 మాటలు దాటకూడదు, ఒక అర్జీలో ఒకే విషయం అడగాలి. మనవాళ్ళు అర్జీ మొదలుపెడితే ముత్తాత కాలం నుంచి చెప్పుకొస్తారు, అందుకే ముందే చెప్తున్నాం! తెలుగులో కాదు, కన్నడలో రాయించండి. మన పిల్లలందరూ కన్నడ మీడియంలో చదివినవాళ్ళే, పది నిమిషాల పని. "ఫలానా ఫ్యాక్టరీ గడిచిన మూడేళ్ళుగా ఇచ్చిన ఫారం-5 ప్రతులు ఇవ్వండి" అని ఒక్క వాక్యం చాలు.

రేష్మె ఇలాఖా వాళ్ళని కూడా ఒకటి అడగాలని ఉంది. పంట పోయిందని ఫోను చేస్తే వాళ్ళు వచ్చి పురుగు చూస్తారు, షెడ్డు చూస్తారు, మందు చెప్తారు. మంచిదే. ఆకు కూడా తీసుకెళ్ళి పరీక్షకి పంపాలి. ఫ్లోరైడ్‌కీ, పురుగుమందు అవశేషాలకీ రెండింటికీ చూడాలి. రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పురుగుమందు అవశేషాలు చూసే ల్యాబు ఉంది. మైసూరులో కేంద్ర పట్టు పరిశోధనా సంస్థ ఉంది. ఆకు ఫలితం ఒక చేతిలో, చుట్టుపక్కల ఎవరు ఏం వదిలారనే కాగితం ఇంకో చేతిలో ఉంటేనే జవాబు దొరుకుతుంది. ఒకటి లేకుండా రెండోది సగం మాటే. ఫలితం "ఏమీ లేదు" అని వచ్చినా మనకి లాభమే, కనీసం చాకీ సెంటరు వాళ్ళతోనో పక్క చేనుతోనో కూర్చుని అసలు కారణం వెతుక్కోవచ్చు.

మేము కోరేది చివరికి ఇది. జిల్లాలో ఉన్న ప్రతి పొగగొట్టం, ప్రతి నీళ్ళ గొట్టం ఏడాదిలో ఏ రసాయనం ఎన్ని కిలోలు వదిలిందో గ్రామ పంచాయితీ గోడ మీద కన్నడలో పెట్టాలి, ఫోనులో చదువుకునేటట్టు కూడా పెట్టాలి. ఫ్లోరైడ్‌ని ఆ లెక్కలో కలపాలి. బట్టీల దూరం నిబంధనలో పండ్ల తోటల పక్కన మల్బరీ పేరు రాయాలి. బట్టీ నిప్పు పెట్టే తేదీ ముందే పంచాయితీకి చెప్పాలి, చాకీ తెచ్చుకునే తేదీ మనం దాన్ని బట్టి చూసుకుంటాం. గట్టు పక్క రైతు ముందు రోజు సాయంత్రం వచ్చి చెప్పినంత మర్యాద చాలు.

ఈ నెల ఒక చిన్న పని పెట్టుకుందాం. 2003 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. ప్రమాదకర రసాయనాలతో పని చేసే ఫ్యాక్టరీలు మెయిన్ గేటు బయట బోర్డు పెట్టాలి. లోపల ఏ రసాయనాలు ఎంత వాడుతున్నారు, గాలిలోకీ నీళ్ళలోకీ ఏం వదులుతున్నారు, ప్రమాదకర వ్యర్థం ఎంత వస్తోంది అని దాని మీద రాయాలి. మీరు రాయచూరు పోయేటప్పుడో, మాన్వి, సింధనూరు వైపు పోయేటప్పుడో దారిలో ఫ్యాక్టరీ గేటు కనపడితే బండి ఒక నిమిషం ఆపి చూడండి. బోర్డు ఉంటే రోడ్డు మీద నుంచే ఫోటో తీసి, ఊరి పేరు, తేదీ రాసి గ్రూపులో పెట్టండి. అంకెలు ఏ ఏడాదివో కూడా చూడండి, బోర్డు ఉండి అయిదేళ్ళ కిందటి అంకెలున్నా తెలియాలి. వాచ్‌మన్‌తో గొడవ పెట్టుకోవద్దు, పాపం అతనిదీ మన ఊరే అయి ఉంటుంది. బోర్డు లేకపోతే బోర్డు లేని గేటు ఫోటో పెట్టండి. వచ్చినవన్నీ వచ్చే సంచికలో వరసగా వేస్తాం.